బంట్రోతు దగ్గు

మార్చి 4, సోమవారం

రాయి అమ్మాయ్. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ ఆఫీసు తెలుగు కలపకు.

ఇది ఎవరికీ చూపించడానికి కాదు. కమిటీ ముందు చదవడానికీ కాదు, అక్కడ నా నోటితో నేనే చెప్పుకుంటాను. రేపు ఎవరైనా మాట మార్చినా నా మాట నా ఇంట్లో భద్రంగా ఉండాలని రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. నా మొగుడి చెల్లెలికి వచ్చు. బడి ఆఫీసులో గుమాస్తాగా ఇన్నేళ్ళనుంచి ఊళ్ళో పిల్లలందరి పేర్లూ రాస్తోంది, వదిన మాట నాలుగు ముక్కలు రాస్తే దాని చేతులేమీ అరిగిపోవు. ఇది కూడా రాయి. నవ్వకు.

పొద్దున తలుపు కింద కాగితం దూర్చి పోయారు. అమ్మాయి చదివింది. పక్క వాటా ఆయన ఫిర్యాదు చేశాడట. మా కుక్క పగలంతా ఆగకుండా అరుస్తోందట, ఆయనకు నిద్ర లేదట. పదిహేడో తారీఖు ఆదివారం కమిటీ ముందు నేను సంజాయిషీ చెప్పుకోవాలట. అది వాళ్ళకు నచ్చకపోతే కుక్కను ఈ వాటాల్లోంచి పంపించెయ్యాలట.

సంజాయిషీ! నేను!

నా వాదన రెండు ముక్కలు. మొదటిది, మా బంట్రోతు అరవదు. నేను వెనక గదిలో పరుపులు కుడతాను. గోడవైపు తిరిగి, దబ్బనం పట్టుకుని, వంచిన తల ఎత్తకుండా పని చేస్తాను. గుమ్మంలోకి ఎవరైనా బేరానికొస్తే అది నా దగ్గరికొచ్చి నిలబడి, పై అధికారి ముందు గొంతు సవరించుకున్నట్టు ఒక చిన్న దగ్గు దగ్గుతుంది. అంతే. నేను లేస్తాను. ఆ మర్యాద చూసే దానికి బంట్రోతని పేరు పెట్టాను. దాన్ని అరుపంటే ఇక మనుషులు తుమ్మకూడదు.

రెండోది ఇంకా పెద్దది. ఒకవేళ అరిచిందే అనుకుందాం. పక్కింటివాడు ఏం చెయ్యాలి? వచ్చి నా తలుపు తట్టాలి. "పెద్దమ్మా, ఇదీ సంగతి" అనాలి. పాత పరుపుల దూది ఈ వాకిట్లోనే కర్రతో కొట్టి ఏకిన దాన్ని నేను. ఆ చప్పుడుకు పావురాలు లేచిపోయేవి. కానీ కర్ర పట్టే ముందు ప్రతి గుమ్మం ఎక్కి, "ఇవాళ దూది కొడతాను, కాస్త ఓర్చుకోండి" అని అడిగాకే పట్టాను. పసిపిల్లలున్న ఇంట్లో వాళ్ళు పడుకునే వేళ కనుక్కుని, ఆ వేళ కర్ర పక్కన పెట్టాను. ఎవరూ నా మీద ఒక్క కాగితం రాయలేదు. ఈయన వచ్చి ఇంకా ఏడాది కాలేదు, గుమ్మం తొక్కలేదు, నేరుగా కమిటీకి ఎక్కాడు.

బేకరీలో రాత్రి పని అట. రొట్టెలు కాల్చేవాడికి ఇంత పొగరా?

మార్చి 5

ఇవాళ బేరాలు లేవు. బంట్రోతు దగ్గనైనా దగ్గలేదు. రాసిపెట్టు.

మార్చి 6, బుధవారం

కమిటీ సెక్రటరీని నేనే పట్టుకున్నాను. మెట్ల దగ్గర మోటారు స్విచ్చి వేస్తుంటే ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఈమధ్య మాట నములుతున్నాడు. ఆయనొక్కడే కాదు, వాటాల్లో అందరూ నములుతున్నారు, నోరు తెరిచి మాట్లాడే మనిషే కనపడటం లేదు. గట్టిగా చెప్పవయ్యా అంటే అప్పుడు చెప్పాడు.

"మామ్మగారూ, మన రూల్లో ఒకటుంది. ముందు స్వయంగా వెళ్ళి పక్కవాళ్ళతో మాట్లాడాలి. మాట్లాడినా పని కాకపోతేనే ఫిర్యాదు. ఆయన మీ దగ్గరికి వచ్చాడా, లేదా?"

"వస్తే నీతో ఎందుకయ్యా మాట్లాడతాను? ఆయనతోనే తేల్చుకునేదాన్ని కదా!"

"చాలాసార్లు వచ్చానంటున్నాడు."

"కలలో వచ్చుంటాడు. పగలు పడుకుంటాడుగా."

ఆయన నవ్వాడు. "సాక్షి ఎవరూ లేరు. ఈ వాటాల్లో మొదటినుంచీ ఉన్న మనిషి మీరు. రాలేదని మీరొక్క మాటంటే మీ మాటే నిలుస్తుంది. ఆ కాగితం చెల్లదు. కుక్క జోలికి ఎవరూ రారు."

అనడానికేం? నిజమే కదా అనేది. ఆదివారం నిలబడి ఒక్క మాట అంటాను, వచ్చేస్తాను. బంట్రోతుకు ఇవాళ పాలల్లో అన్నం కలిపి పెట్టాను.

మార్చి 8, శుక్రవారం

మధ్యాహ్నం తలుపు తీస్తే గుమ్మం ముందు కాగితంలో చుట్టిన రొట్టె ఉంది. ఇంకా వెచ్చగా ఉంది. చుట్టూ మనిషి లేడు.

చూశావా అమ్మాయ్, ఎంత గడుసుతనమో! మనిషికి ఇచ్చేవాడైతే చేతికిస్తాడు. నేల మీద పెట్టి పోయాడంటే ఎవరికి? కుక్కకు! రొట్టె ముక్క పడేస్తే నోరు మూసుకుంటుందని. అందులో ఏం కలిపాడో ఎవరికి తెలుసు? బంట్రోతు వాసన చూడబోతే మెడ పట్టి లోపలికి లాగాను. రొట్టె తీసుకెళ్ళి ఆయన గుమ్మంలోనే పెట్టాను. పెట్టేముందు ఆయన వాకిలి ఊడ్చాను. మా వరసలో వాకిలి ఊడ్చేది నేనే. పక్కనున్న ఆయన ముక్క వదిలేసి ఊడిస్తే నాకూ ఆయనకూ తేడా ఏముంది?

సాయంత్రం ఒక పాత ఖాతాదారు తగిలింది. దిండ్లు కుట్టించుకునే టీచరమ్మ. "నిన్న ఎంతసేపు నిలబడ్డానో మామ్మా, బెల్లు కొట్టీ కొట్టీ వెళ్ళిపోయాను" అంది. బెల్లు చెడిపోయిందమ్మా అన్నాను. అది చెడి చాలా రోజులైంది. కరెంటు పనివాణ్ణి పిలిస్తే వాడొచ్చి నొక్కి చూసి, బాగానే ఉందంటాడు. పనిరాని వాళ్ళంతా అదే పనిలో చేరుతున్నారు.

మార్చి 9, శనివారం

అమ్మాయికీ నాకూ పెద్ద గొడవ.

ఇది రాయనంటోంది. రాయాలి. నేను నీ గురించి ఏమన్నా రాయాలి, అదే ఒప్పందం.

అన్నం దగ్గర మొదలుపెట్టింది. "వదినా, ఒక్కసారి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది. ఈ పాట ఇది మొదటిసారి కాదు. దానికి రేడియో చప్పుడు ఎక్కువైందట. తను పిలిస్తే పలకనట. పలకాలనిపించేలా పిలిస్తే పలుకుతాను.

"నా చెవులకేమైంది? నువ్వన్నది వినే కదా జవాబు చెప్తున్నాను!"

"ఎదురుగా కూర్చుని అరుస్తున్నాను కాబట్టి వింటున్నావు. మన మాటలు వీధి చివరిదాకా పోతున్నాయి."

"పోనీ. మనమేమీ దొంగమాటలు ఆడుకోవటం లేదు."

"నీ మొండితనంతో మా అన్నయ్య ఎలా వేగాడో!"

"మీ అన్నయ్య నోరు విప్పితే గదిలో దీపం అదిరేది. నాకు బాగానే వినపడేది. మీ వంశంలో ఆ గొంతు నీకే రాలేదు, నేనేం చెయ్యను?"

కంచం ముందునుంచి లేచిపోయింది. తరువాత వచ్చి మజ్జిగ పోసింది. ఇప్పుడు రాస్తూ మళ్ళీ మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ. ఆ చెవుల యంత్రం పెట్టుకున్న ముసలాయన్ను చూశాను నేను. చిన్నపిల్లాడికి చెప్పినట్టు అందరూ ఆయన ముఖంలో ముఖం పెట్టి మాట్లాడతారు. బేరానికొచ్చినవాళ్ళు నా ముఖంలో ముఖం పెడితే ఊరుకుంటానా?

మార్చి 10

మళ్ళీ రొట్టె. మళ్ళీ తీసుకెళ్ళి పెట్టాను.

మార్చి 11, సోమవారం

రేపు దొంగను పట్టుకుంటాను. వెనక గదిలో పని పక్కన పెట్టి, ముందు గదిలో పరుపుల దొంతర చాటున కిటికీ దగ్గర కూర్చుంటాను. రొట్టె పెట్టబోతుండగా తలుపు తీసి నిలబడతాను. ఏమంటానో కూడా అనుకున్నాను. "బాబూ, ఆ రొట్టె ఎవరికి?" అంటాను. అంతే. ఒక్క ముక్క ఎక్కువ అనను.

మార్చి 12, మంగళవారం

ఇవాళ ఏమీ జరగలేదు. రాయడానికేమీ లేదు. పడుకో.

మార్చి 13, బుధవారం

నిన్న ఏమీ జరగలేదని రాయించాను. అది కొట్టెయ్యకు. నేనన్నదే కాబట్టి ఉండనీ. దాని కిందే ఇది రాయి.

కూర్చున్నాను. ఆయన వచ్చాడు. మనిషిని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నలిగిన చొక్కా, ఎర్రటి కళ్ళు, చెవి పక్కన జుట్టులో ఇంకా పిండి. చేతిలో కాగితం పొట్లం. నేను లేవబోయాను. ఆయన రొట్టె నేల మీద పెట్టలేదు. తలుపు ముందు నిలబడి, బెల్లు మీద వేలు పెట్టి నొక్కాడు.

బెల్లు మోగలేదు.

మోగలేదనే అనుకున్నాను. తరువాత వేళ్ళు మడిచి తలుపు మీద కొట్టాడు. మెల్లగా కాదు. కొట్టినప్పుడల్లా తలుపు గొళ్ళెం ఊగుతోంది, నాకు కనపడుతోంది. చప్పుడు లేదు. కిటికీ ఊచల్లోంచి ఆయన నోరు కనపడుతోంది. పిలుస్తున్నాడు. మొదట "పెద్దమ్మగారూ" అన్నట్టు పెదాలు కలిశాయి. అది కూడా నేను చూశానే కానీ...

ఆగు. నీళ్ళు తాగాక చెప్తాను.

బంట్రోతు నా ముందుకొచ్చింది. అదే చిన్న దగ్గు దగ్గింది. కానీ ఈసారి నేను దాన్ని చూస్తున్నాను. ఎప్పుడూ నా చూపు గుడ్డ మీద ఉంటుంది కదా. ఆ చిన్న దగ్గుకు దాని ముందుకాళ్ళు రెండూ నేలనుంచి లేస్తున్నాయి. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. డొక్కలు లోపలికి పోయి వస్తున్నాయి. ఒళ్ళంతా ఊగిపోతోంది. కిటికీ అవతల ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు.

కాళ్ళున్నాయి నాకు. గడప రెండడుగుల దూరం. లేవలేదు. ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. కిటికీలోకి తొంగిచూడబోయి, పరాయి ఇల్లు కదా అని కాబోలు తల వెనక్కి తీసుకున్నాడు. అది కూడా చూశాను. రొట్టె మెల్లగా గుమ్మం పక్కన, తొక్కకుండా, గోడకు ఆనించి పెట్టి వెళ్ళిపోయాడు. బంట్రోతు ఇంకా నాకు చెప్తూనే ఉంది. గొంతు పోయేదాకా చెప్పింది పాపం. నేను లేస్తే ఊరుకునేది.

రోజూ ఇంతేనన్నమాట. వెనక గదిలో తల వంచుకుని ఉంటే, పదిసార్లు అరిస్తే ఒక్కటి నా చెవిన పడి ఉంటుంది.

అమ్మాయ్, ఏడవకు, కాగితం తడుస్తుంది.

మార్చి 14

రొట్టె తిన్నాం. మంచి రొట్టె.

మార్చి 15, శుక్రవారం

అమ్మాయి రాత్రంతా ఆలోచించిందట. గుమాస్తా బుర్ర, దారులు వెతుకుతుంది.

"వదినా, నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు. రూలు ప్రకారం ఆయన నీతో మాట్లాడాలి. మాట్లాడలేదుగా! నీకు వినపడందే మాట్లాడినట్టు ఎలా అవుతుంది? 'ఆయన నాతో మాట్లాడలేదు' అను. అంతకుమించి అనకు. బంట్రోతు మనింట్లోనే ఉంటుంది."

బాగుంది. ఎక్కడా తప్పు పట్టలేని మాట. బంట్రోతు దాని పక్కనే పడుకుని ఉంది, తోక దాని పాదం మీద వేసి. ఇంతసేపూ నేను దాన్నే చూస్తూ ఉన్నాను. అది పోతే నా ముందుకొచ్చి నిలబడేవాళ్ళెవరు? బేరానికొచ్చిన మనిషి తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోతే దొంతరలో పరుపులు ఎవరికి? కుక్కను పోగొట్టుకోవడమంటే అది ఒక్కటే పోదు.

"ఆయన నా గుమ్మంలో నిలబడ్డాడు. నేను చూశాను" అన్నాను.

"నువ్వు చూశావని ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు కదే!"

"మరి కుక్క పోతుంది."

వంగి బంట్రోతు వీపు నిమిరాను. నాకు వినపడలేదనుకుందేమో. వినపడింది.

మార్చి 17, ఆదివారం

వెళ్ళాను. తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్ట కట్టుకుని వెళ్ళాను. బంట్రోతును కూడా తాడు కట్టి తీసుకెళ్ళాను. దాని సంగతి దాని ఎదుటే తేలాలి. కింద హాల్లో అందరూ ఉన్నారు. నేను ముందు వరసలో, అందరి నోళ్ళూ కనపడేలా కూర్చున్నాను. రొట్టెలాయన ఒక మూల గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నిద్ర మొహం.

సెక్రటరీ నాకు దారి వేసిపెట్టి మరీ అడిగాడు. "మామ్మగారూ, ఈయన ఎప్పుడైనా మీ దగ్గరికి వచ్చి మాట్లాడాడా? లేదు కదా?"

లేచాను. అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది, విదిలించుకున్నాను.

"వచ్చాడు" అన్నాను. "చాలాసార్లు వచ్చాడు. బెల్లు కొట్టాడు, తలుపు కొట్టాడు, పిలిచాడు. నాకు చెవులు వినపడవు. అందుకని ఆయన రాలేదని సెక్రటరీతో చెప్పాను. అది తప్పుడు మాట. ఆ కాగితం చెల్లుతుంది. కుక్క అరుస్తుంది, అది కూడా నిజమే. నేను లేచేదాకా అరుస్తుంది. చెవిటిదాని దగ్గర పని చేస్తూ మెల్లగా పిలవమంటే ఎలా పిలుస్తుంది? అది దాని పని చేసింది. లేవనిది నేను. శిక్ష వేస్తే ఎవరికి వెయ్యాలో చూసుకుని వెయ్యండి."

ఆ మాట అన్నాక హాలు ఎలా ఉందో నాకు తెలియదు. ఎవరి నోరూ కదలడం మాత్రం లేదు.

అప్పుడు రొట్టెలాయన మూలనుంచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ముఖంలో ముఖం పెట్టలేదు. మామూలు దూరంలో నిలబడి గట్టిగా చెప్పాడు. "పెద్దమ్మగారూ, కుక్కను పంపించెయ్యమని నేను రాయలేదండి. నిద్ర పట్టట్లేదని రాశాను. మొదట్లో నేనొచ్చింది అరుపు గురించి కూడా కాదు. కుక్క అంతలా అరుస్తుంటే లోపల్నించి కసిరే మనిషే లేదేంటి, ఏమన్నా అయిందా అని వచ్చాను. సాయంత్రం మీరు వాకిలి ఊడుస్తూ కనపడేవారు. హమ్మయ్య అనుకుని పనికి పోయేవాణ్ణి."

"మరి రొట్టె కుక్కకే కదా?"

"కుక్కకెందుకండీ! పక్కింటికి వచ్చాక ఉత్త చేతులతో ఎలా పలకరిస్తాం? రెండుసార్లు మా గుమ్మంలోకే తిరిగొచ్చింది. రొట్టె బాగోలేదేమో అనుకున్నాను."

ఎవరో నవ్వారు. ఆ తరువాత అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను కానీ మరీ ఎక్కువ కాదు.

"మూడోది తిన్నాం. ఉప్పు ఒక చిటికెడు తగ్గింది" అన్నాను.

కమిటీ నెలాఖరుదాకా గడువు ఇచ్చింది. ఆలోపు పగటిపూట అరుపు ఆగాలి. ఆగకపోతే బంట్రోతు వెళ్ళాల్సిందే. సరే అన్నాను. న్యాయంగానే ఉంది.

దార్లో అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నడిచింది. దాని ముఖం వెలిగిపోతోంది. కుక్క పోయేలా ఉంటే దీనికి ఇంత సంతోషమేమిటని అడిగాను. "మా అన్నయ్య నీతో ఎలా వేగాడో ఇవాళ తెలిసింది వదినా" అంది. ఈ మాట రాయడానికి సిగ్గుపడుతోంది. రాయి.

మార్చి 18, సోమవారం

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామని నేనే అన్నాను. అమ్మాయి బడికి సెలవు పెట్టింది. నా సంగతి ఎలా ఉన్నా, బంట్రోతు ఒక్కసారి పిలిస్తే నేను లేవాలి. దాని చేత పదిసార్లు పిలిపించుకోకూడదు.

మార్చి 21, గురువారం

యంత్రం పెట్టారు. చిక్కుడుగింజంత ఉంది. చెవిలో పెట్టగానే లోకమంతా మీద పడింది. అన్నీ చప్పుళ్ళే. నా బట్ట చప్పుడు. కంచం చప్పుడు. అమ్మాయి మామూలుగా మాట్లాడింది, నేను అరవకు అన్నాను. అది కాసేపు కుర్చీలో కూర్చుండిపోయింది.

ఇంటికొచ్చి వెనక గదిలో పనికి కూర్చున్నాను. గుడ్డలోంచి దబ్బనం దూరినప్పుడు చిన్నగా చప్పుడు చేస్తుందని మరిచేపోయాను. దిండుకు గలేబు కుడుతున్నాను. బంట్రోతు వచ్చి నా వెనక నిలబడింది. ఎవరో వచ్చారు కాబోలు. నోరు తెరిచింది.

అమ్మో!

దబ్బనం ఎక్కడ పడిందో ఇంకా దొరకలేదు. అది దగ్గా! గోడలు అదిరాయి. గూట్లో గిన్నెలు మోగాయి. మా ఆయన గొంతు తరువాత అంత గొంతు నేను వినలేదు. ఈ వాటాల్లోనే కాదు, ఈ వీధి మొత్తంలో అంత గొంతున్న ప్రాణి ఇంకోటి లేదు, ఉంటే తీసుకురమ్మను. ఇన్నాళ్ళూ ఇంతటి గొంతుతో నాకు కొలువు చేసిందా ఇది!

పాపం ఆ రొట్టెలాయన.

లేచాను. లేవగానే ఊరుకుంది. రెండోసారి నోరు తెరవలేదు.

మార్చి 30, శనివారం

సెక్రటరీ వచ్చాడు. బెల్లు కొట్టాడు. బెల్లు బాగానే పనిచేస్తోంది. బంట్రోతు ఒక్కసారి అంది, నేను లేచాను. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారని చెప్పాడు. "మామ్మగారూ, మీరు గెలిచారు" అన్నాడు. గెలవడానికి నేనెవరితో పోట్లాడాను అన్నాను. ఆయన మళ్ళీ మాట నమిలాడు. ఈసారి నిజంగానే నమిలాడు, యంత్రం పెట్టుకునే ఉన్నాను.

ఇంకొకటి రాయి. మధ్యాహ్నం గలేబుల పని చేస్తుంటే గోడలోంచి ఏదో రంపం కోస్తున్నట్టు చప్పుడు. లాగుతుంది, ఆగుతుంది, ఈల వేస్తుంది, మళ్ళీ లాగుతుంది. యంత్రం చెడిపోయిందేమోనని తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను. అది కాదు. గోడకు చెవి ఆనించాను. రొట్టెలాయన గురక. ఒళ్ళు మరిచి నిద్రపోతున్నాడు. బంట్రోతు కూడా తల పక్కకు వంచి వింది, దాని జన్మలో అలాంటిది వినలేదు.

ఇది ఫిర్యాదు కాదు అమ్మాయ్, ఊరికే రాయి. పైవాటా వాళ్ళెవరైనా ఈ గురక గురించి కాగితం రాయాలనుకుంటే, ముందు వచ్చి నా తలుపు తట్టమను. ఒక్కసారి తడితే చాలు.